తోడు

పోయిన సంవత్సరం సంక్రాంతి వెళ్ళిన నాలుగోనాడు పొద్దున్నే కాఫీ గ్లాసు పక్కన పెట్టుకుని పేపరు తిరగేస్తూండగా మా అక్కయ్య దగ్గరనుంచి ఫోను వచ్చింది. కుశలప్రశ్నలేమీ లేవు.

"ఒరే తమ్ముడూ, నువ్వు సాయంత్రం బండికి బయల్దేరి వచ్చెయ్యి. పిల్లాడి ఎముకల్లోంచి మూలుగ తోడేస్తారట్రా!" అంది.

మా అక్కయ్యకు 78 ఏళ్ళు. పెరట్లో పాము కనబడితే కేక వెయ్యకుండా కర్ర తెచ్చుకునే రకం. అటువంటి మనిషి గొంతు వణకడం బావగారు పోయిన రోజున విన్నాను, మళ్ళీ ఆవేళ విన్నాను. ఆ సాయంత్రమే హైదరాబాదు బండి ఎక్కాను.

విషయం మొదటినుంచీ చెబుతాను. అక్కయ్య మనవరాలు, అంటే ఆవిడ కొడుకు కూతురు, ఇంటరు చదువుతోంది. అంతకుముందు దసరా సెలవుల్లో పిల్ల మోచేతులమీద, పిక్కలమీద కమిలిన మచ్చలు కనిపించాయి. యే బల్ల అంచో తగిలి వుంటుందనుకున్నారు. తరువాత పళ్ళు తోముకుంటూంటే చిగుళ్ళనుంచి రక్తం. దీపావళి నాటికి మేడమెట్లు ఎక్కితే ఆయాసం. ఆ వెనకే తగ్గని జ్వరం. రక్తపరీక్ష చేయిస్తే ఎర్రకణాలు, తెల్లకణాలు, ప్లేట్లెట్లు మూడూ అడుగంటి వున్నాయి. తుంటి ఎముకలోకి సూది దించి మూలుగ తీసి చూశారు. కణాలతో కిటకిటలాడవలసిన చోట వట్టి కొవ్వు కనిపించింది. జబ్బు పేరు ఏప్లాస్టిక్ ఎనీమియా అన్నారు.

రేడియంతో జీవితమంతా పనిచేసిన మేడమ్ క్యూరీ 1934లో యీ తరహా జబ్బుతోనే పోయింది. రేడియం మొహం యెరగని మన పిల్లలకు ఇది యెందుకు వస్తుందయ్యా అంటే, చాలామందిలో కారణం ఒంటికి కాపలా కాయవలసిన తెల్లకణాలే. అవి దారి తప్పి సొంత మూలుగమీదనే పడతాయి. కంచే చేను మేసినట్టన్నమాట.

పిల్లకు తోడబుట్టినవాడి మూలుగ కుదిరితే అదే మంచి మందని డాక్టరుగారు చెప్పారు. మన కణాలమీద కొన్ని గుర్తులుంటాయి. సగం తండ్రి దగ్గరనుంచీ, సగం తల్లి దగ్గరనుంచీ వస్తాయి. తోడబుట్టిన ఒక్కొక్కరితో అవి పూర్తిగా కలవడానికి అవకాశం నాలుగింట ఒక పాలు. పిల్లవాడికి 21 ఏళ్ళు, ఇంజనీరింగు చదువుతున్నాడు. పరీక్ష చేస్తే అన్ని గుర్తులూ కలిశాయి. ఇంట్లో అందరూ దేవుడికి దణ్ణం పెట్టుకున్నారు. మా అక్కయ్య మాత్రం అన్నం మానేసి కూచుంది.

నేను వెళ్ళి ఇంకా చెప్పులు విప్పకముందే అడిగింది. "పిల్లకు లేకుండా పోయింది మూలుగేనంటారు గదా. అది వాడి దగ్గర తోడి దీనికి పోస్తే వాడికి మిగిలేదేమిట్రా? ఒక దీపం ఆర్పి ఇంకో దీపం వెలిగిస్తారా?"

నాకు నవ్వు రాలేదు. ముప్పై యేళ్ళు కాలేజీలో జీవశాస్త్రం చెప్పినవాణ్ణి. యే విద్యార్థీ నన్ను ఇంత సూటి ప్రశ్న అడగలేదు. పిల్లవాడు ఆవిడ వొళ్ళో పెరిగినవాడు. "నాయనమ్మ సరేనంటేనే వెళతాను" అని కూచున్నాడు. అక్కడ పిల్లకేమో వారానికి రెండుసార్లు రక్తం ఎక్కిస్తున్నారు.

ముందు రక్తం లెక్క చూద్దాం. పుట్టినప్పుడు పోసి పంపిన రక్తంతోనే మనం బతుకుతున్నామని చాలామంది అనుకుంటారు. అది రోజూ తయారై రోజూ ఖర్చయ్యే సరుకు. ఎర్రకణం ఆయుర్దాయం సుమారు 120 రోజులు. ప్లేట్లెట్టుది వారం పది రోజులు. సూక్ష్మజీవులను మింగే తెల్లకణాలు కొన్ని గంటలనుంచి కొద్ది రోజులలోపే రాలిపోతాయి. పోయినవాటి స్థానం నింపడానికి ఆరోగ్యవంతుడి మూలుగ రోజుకు సుమారు 20,000 కోట్ల ఎర్రకణాలను తయారుచేస్తుంది. సెకనుకు 20 లక్షలకు పైమాటే. మన తుంటి, వెన్ను, రొమ్ము, ప్రక్కటెముకల్లో చప్పుడు లేకుండా సాగే కార్ఖానా ఇది.

మా పిల్లకు మూడు రకాల కణాలూ ఒక్కసారే తరిగాయి గదా. మూడు పంపులూ ఒకే రోజున ఆగిపోతే మనం పంపులను కాక చెరువును చూస్తాం. మూడింటికీ మూలం ఒకటే అయివుండాలి. ఆ మూలం ఇదీ అని చూపించినవాళ్ళ కథ చెబుతాను.

1945లో హిరోషిమామీద బాంబు పడినప్పుడు మంటల్లో పోయినవాళ్ళు పోగా, పైకి గాయమైనా లేనివారు కొందరు కొన్ని వారాల తరువాత రక్తాలు కారి, జ్వరాలు తగిలి పోయారు. బాంబు కిరణాలు వారి మూలుగను మాడ్చివేశాయి. తరువాత కొద్ది యేళ్ళకు ఎలకల్లో ఒక సంగతి తేలింది. చావు తప్పదన్నంత మోతాదులో కిరణాలు తగిలిన ఎలకకు ఆరోగ్యంగా వున్న ఎలక మూలుగ ఎక్కిస్తే అది బతుకుతోంది. అయితే ఆ మూలుగలో బతికిస్తున్నది యేది?

కెనడాలోని టొరంటోలో అంటారియో కాన్సర్ ఇన్‌స్టిట్యూట్‌లో ఇద్దరుండేవారు. ఒకరు ఎర్నెస్ట్ మెకల్లక్, వైద్యుడు. రెండోవారు జేమ్స్ టిల్, పొలం పనుల మధ్య పెరిగి భౌతికశాస్త్రం చదువుకున్నవాడు. కిరణాలు తగిలిన ఎలకలకు లెక్క ప్రకారం మూలుగ కణాలు ఎక్కించి చూస్తున్నారు. ఒక ఆదివారంనాడు మెకల్లక్ లేబొరేటరీకి వెళ్ళి, కణాలు ఎక్కించి పది రోజులైన ఎలకలను కోసి చూశాడు. ప్లీహంమీద చిన్నచిన్న బొడిపెలు కనిపించాయి. ఇంకొకరైతే జబ్బు గడ్డలని పారేసేవారేమో. ఆయన కూచుని లెక్కపెట్టాడు. కణాలు యెక్కువ ఎక్కించిన ఎలకలో బొడిపెలు యెక్కువ, తక్కువ ఎక్కించినదానిలో తక్కువ. సుమారు 10,000 మూలుగ కణాలకు ఒక్క బొడిపె. ఒక్కొక్క బొడిపెలో ఎర్రకణాల పిల్లలూ, తెల్లకణాల పిల్లలూ, ప్లేట్లెట్లను పుట్టించేవీ కలిసి వున్నాయి.

ఇది 1961లో అచ్చయింది. ఒక బొడిపె అంతా ఒకే ఒక్క కణం సంతానమని 1963లో వారి విద్యార్థి ఆండ్రూ బెకర్‌తో కలిసి రుజువుచేశారు. అదే యేడు ఇంకొక సంగతి తేలింది. బొడిపెలోని కణాలను వేరొక ఎలకకు ఎక్కిస్తే మళ్ళీ కొత్త బొడిపెలు లేచాయి. అంటే ఆ తల్లికణం రకరకాల పిల్లలను కని వూరుకోవడం లేదు. తనలాంటి తల్లిని కూడా మళ్ళీ కంటోంది. శాస్త్రజ్ఞులు దీనికి పెట్టిన పేరు మూలకణం. నిజమైన పెద్దతల్లి ఆ బొడిపెలు లేపిన కణాలకంటే ఇంకో మెట్టు పైన వుందని తరువాత తెలిసింది కాని, ఆ ఇంటి తలుపు తీసినవారు వీళ్ళే. 2005లో ఇద్దరికీ లాస్కర్ బహుమానం ఇచ్చారు.

ఇదంతా మా అక్కయ్యకు మధ్యాహ్నమంతా చెప్పాను. "ఎలకల సంగతి నాకెందుకురా" అని లేచిపోయింది.

రాత్రి భోజనాలయ్యాక వంటింట్లోకి వెళ్ళాను. అక్కయ్య కాచి చల్లార్చిన పాలు ముందు పెట్టుకుని, చిన్న గిన్నెలోంచి చెంచాడు పెరుగు తీసి పాలలో వేస్తోంది. నాకప్పుడు తట్టింది. పొద్దుటినుంచీ టొరంటో చుట్టూ తిరిగానుగాని జవాబు యీ వంటింట్లోనే వుంది.

"అక్కయ్యా, యీ తోడు యెన్నాళ్ళనాటిదే?" అన్నాను.

"కాపరానికి వచ్చిన కొత్తలో మా అత్తగారు ఇచ్చింది" అంది.

"అప్పటినుంచీ యెంత పెరుగు తిని వుంటారు మీ ఇంట్లో?"

"యెవరు కొలిచారురా? బిందెలకు బిందెలు."

"మరి తోడు తరిగిపోలేదేం?"

అక్కయ్య నావైపు చూసింది. "తోడుకు వుంచకుండా గిన్నె నాకేస్తే తరుగుతుంది. చెంచాడు దాచుకున్న ఇంట్లో యెందుకు తరుగుతుంది? అయినా మధ్యలో రెండు మూడుసార్లు వేసంకాలంలో మా తోడు పాడయితే పక్కింటావిడ దగ్గర చెంచాడు అడిగి తెచ్చుకున్నాను" అంది. అని చేతిలో చెంచా అలాగే పట్టుకుని వుండిపోయింది.

కాసేపటికి, "పిల్లకు తోడు పాడయిందన్నమాట" అంది మెల్లగా.

"అంతే. పిల్లవాడి దగ్గర చెంచాడు అడుగుతున్నారు."

"పక్కింటావిడకు పెరుగేం తక్కువ కాలేదులే."

పరీక్షల్లో పది మార్కుల ప్రశ్నకు ఇంతకంటే మంచి జవాబు నేను యెప్పుడూ దిద్దలేదు. డాక్టర్లు తీసేది వున్న మూలుగలో పదో వంతుకు లోపే. అందులో వెళ్ళిన తల్లికణాల లోటును మిగిలినవి నాలుగైదు వారాల్లో పూడ్చుకుంటాయి.

అయితే మా అక్కయ్య అంతటితో వదిలే మనిషి కాదు. "పాలలో తోడేస్తే పెరుగొక్కటే అవుతుంది. పిల్లకు మూడు రకాలు కావాలన్నారుగా?" అంది.

నిజమే, ఉపమానం ఇక్కడ సాగదు. తల్లికణం విడిపోయి పుట్టిన పిల్లల్లో ఒకటి తల్లిగా మిగిలిపోవచ్చు. రెండోది మెట్టు దిగడం మొదలుపెడుతుంది. దిగినకొద్దీ దాని సంతానం వేలు లక్షలవుతుంది, చెయ్యగల పనులు మాత్రం తగ్గుతాయి. మొదట యేదైనా కాగలిగినది చివరికి ఒక్క పనికే అంకితమవుతుంది. అన్ని కణాల్లోనూ వున్న జన్యువుల పుస్తకం ఒకటే. పెద్దబాలశిక్ష ఒకటే అయినా ఒకరు లెక్కల పేజీ తెరిచి, ఇంకొకరు నీతివాక్యాల పేజీ తెరిచి కూచున్నట్టు, యే కణం యే పేజీలు తెరిచిందన్నదే తేడా. ఎర్రకణం కావలసినదానిలో గాటా-1 అనే ప్రోటీను పెత్తనం చేస్తుంది. కొన్ని రకాల తెల్లకణాలు కావలసినదానిలో పీయూ-1 అనేది చేస్తుంది. రెండూ ఒకదాన్నొకటి అణచివేస్తాయి. ఒక ఒరలో రెండు కత్తులు ఇమడవు గదా.

యే రకం యెంత కావాలో మూలుగకు బయటినుంచి కబురు వస్తుంది. రక్తంలో ప్రాణవాయువు తగ్గితే మూత్రపిండాలు ఎరిత్రోపోయెటిన్ అనే రసాయనాన్ని పంపుతాయి. దానితో ఎర్రకణాల తయారీ పెరుగుతుంది. మూత్రపిండాల జబ్బు వున్నవారికి రక్తం తగ్గడానికి ముఖ్యమైన కారణం ఆ కబురు రాకపోవడమే. ప్లేట్లెట్లకు కావలసిన కబురు యెక్కువగా కాలేయంనుంచి వస్తుంది. కబురందుకున్న పిల్లకణాలు యెవరి విద్య వారు నేర్చుకుంటాయి. ఎర్రకణం కడుపునిండా హిమోగ్లోబిన్ నింపుకుని, చివరికి తన కేంద్రకాన్నే బయటికి నెట్టేస్తుంది. ఇక దానికి పిల్లలు లేరు, వెనక్కు తిరిగే దారి లేదు. ప్లేట్లెట్లను ఇచ్చే పెద్ద కణం రక్తనాళం గోడ పక్కన కూచుని తన శరీరాన్నే వేల ముక్కలుగా విడిచి నెత్తుట్లోకి పంపుతుంది. టీ కణాలనే తెల్లకణాలు కావలసినవి రొమ్ములో వున్న థైమస్ గ్రంథి అనే గురుకులానికి వెళ్ళి, తనవారెవరో పైవారెవరో నేర్చుకుంటాయి. అక్కడ తప్పినవాటిలో చాలా భాగం ప్రాణాలతో బయటికి రావు.

"ఇంతమందిని కంటూ ఆ తల్లి అరిగిపోదూ?" అంది అక్కయ్య. నాలుగు పురుళ్ళు పోసుకున్న మనిషి ప్రశ్న అది.

అరిగిపోకుండా వుండటానికి తల్లికణం చేసే పని విశ్రాంతి తీసుకోవడం. బరువు పనంతా మధ్య మెట్లమీద వున్న పిల్లలూ మనవలూ చూసుకుంటారు. తల్లి యెక్కువకాలం నిద్రలోనే వుంటుంది. ఒక 59 ఏళ్ళ మనిషి కణాలను పరీక్షించి ఇంగ్లండు శాస్త్రజ్ఞులు 2018లో కట్టిన లెక్క ప్రకారం, ఆయన రక్తాన్ని పోషిస్తున్న తల్లికణాలు 50,000 నుంచి 2,00,000 వరకు వుంటాయి. ఒక్కొక్కటి రెండు నెలలనుంచి 20 నెలలకు ఒకసారి మాత్రమే విడిపోతోంది. విడిపోయిన ప్రతిసారీ జన్యువుల పుస్తకాన్ని తిరగరాసుకోవాలి. రాసినప్పుడల్లా అచ్చుతప్పులు దొర్లే ప్రమాదం వుంటుంది. అందుకని తల్లి తక్కువ రాస్తుంది.

దాని కాపరం కూడా యెక్కడపడితే అక్కడ వుండదు. మాంచెస్టర్‌లో రే స్కోఫీల్డ్ అనే ఆయన 1978లో ఒక ఆలోచన చెప్పాడు. తల్లికణం గొప్పతనం దానిలోనే లేదు, అది కూచున్న గూట్లో కూడా వుంది అని. అది నిజమని తరువాత తేలింది. పాతకాలం ఇళ్ళలో గోడలో దీపానికి గూడు వుండేది గుర్తుందా? గాలి తగలకుండా, నూనె అందేలా. మూలుగలో సన్నటి రక్తనాళాల పక్కన తల్లికణాలకు అటువంటి గూళ్ళున్నాయి. చుట్టూ వున్న కణాలు వాటిని బతికించే రసాయనాలు అందిస్తాయి. కదలకుండా పట్టి వుంచే రసాయనాలు కూడా అవే ఇస్తాయి. అక్కడ ప్రాణవాయువు తక్కువ. తల్లికణం సన్నటి సెగమీద పొయ్యి నడుపుకున్నట్టు బతుకుతుంది. మంట తక్కువైతే మసీ తక్కువే. ఆ గూటినుంచి తీసి గాజు పాత్రలో పెడితే కొద్ది రోజుల్లోనే తల్లితనం పోగొట్టుకుని, యేదో ఒక మామూలు కణమై తీరిపోతుంది.

"తోడు గిన్నె పొయ్యి పక్కన పెడితే పులిసి చెడదూ, అంతే" అంది అక్కయ్య, గిన్నెమీద మూత పెడుతూ.

తరువాత చాలాసేపు మాట్లాడలేదు. చివరికి, "నాది తీసుకోమనరాదూ? ముసలిదాన్ని. వాడు పెళ్ళి కావలసినవాడు" అంది.

యీ మాటకు నేను సిద్ధంగా లేను. గొంతు సవరించుకుని నిజం చెప్పాను. నాయనమ్మ గుర్తులు మనవరాలితో పూర్తిగా కలవడం గగనం. పైగా వయస్సు. పెద్దవాళ్ళయినకొద్దీ తల్లికణాల్లో కొన్ని వంశాలు మిగతావాటిని తోసేసి పెరుగుతాయి. 75 దాటినవారిలో పదో ఇరవయ్యో తల్లుల సంతానమే రక్తంలో మూడోవంతునుంచి సగానికి పైగా ఆక్రమించి వుంటుందని 2022లో తేలింది. పడుచువాడి మూలుగలో లక్ష మంది తల్లులు సమానంగా పనిచేస్తూంటారు. అందుకే డాక్టర్లు పడుచువాళ్ళనే కోరుకుంటారు.

"నీకూ నాకూ తోడు పులిసిపోయిందంటావు" అంది. ఆవేళ నవ్వడం అదే మొదలు.

ప్రమాదాలు కూడా దాచలేదు. పిల్లవాడికి మత్తుమందు ఇవ్వాలి గనుక ఆ మేరకు కొద్దిపాటి ప్రమాదం లేకపోలేదు. వారం పది రోజులు నడుము సలుపుతుంది. అసలు ప్రమాదం పిల్లకు. కొత్త తల్లులను ఆమె ఒళ్ళు తిప్పికొట్టవచ్చు. లేదా అన్న తెల్లకణాలు చెల్లెలి ఒంటిని పరాయిదనుకుని దాడి చెయ్యవచ్చు. అయినా యీ వైద్యం నిన్న మొన్న పుట్టింది కాదు. అమెరికాలో డానల్ థామస్ మనుషులకు మూలుగ ఎక్కించిన అనుభవాన్ని 1957లోనే ప్రకటించాడు. 1990లో ఆయనకు నోబెల్ బహుమానం వచ్చింది. మన దేశంలో 1983లో బొంబాయి టాటా మెమోరియల్ ఆస్పత్రిలో మొదటిసారి చేశారు. అదీ ఒక చిన్నపిల్లకు, ఆమె సోదరుడి మూలుగతోనే. యీ చివరిమాట విని అక్కయ్య లేచి పూజగదిలోకి వెళ్ళింది. పొద్దున్నే మనవణ్ణి పిలిచి బొట్టు పెట్టింది.

మాఘమాసంలో జరిగింది. పిల్లకు ముందుగా ఆమె తెల్లకణాలను అణచే మందులిచ్చారు. ఆ రోజు పొద్దున్న పిల్లవాణ్ణి థియేటరులోకి తీసుకువెళ్ళి, మత్తులో బోర్లా పడుకోబెట్టి, వెనకవైపు తుంటి ఎముకల్లోంచి సూదులతో మూలుగ తీశారు. లీటరుకు తక్కువే. చిక్కటి ఎర్రటి రక్తంలా వుంది. సాయంత్రానికి వాడు లేచి కాఫీ అడిగాడు. ఆ సంచీని పిల్ల మంచం పక్కన స్టాండుకు తగిలించి మామూలు రక్తం ఎక్కించినట్టే నరంలోకి ఎక్కించారు.

అక్కయ్య ఆశ్చర్యపోయింది. "ఎముకలో పోయ్యరుట్రా? మరి దానికి ఇంటిదారి యెలా తెలుస్తుంది?"

తెలుస్తుంది. మూలుగ గూళ్ళలోని కణాలు ఒక రసాయనాన్ని వెదజల్లుతూంటాయి. తల్లికణాల ఒంటిమీద దాన్ని పసిగట్టే సాధనం వుంది. నెత్తుటిలో తిరిగి తిరిగి, ఎముక దగ్గరికి వచ్చేసరికి రక్తనాళం గోడలోంచి దూరి లోపలికి వెళ్ళి కూచుంటాయి. యెవరూ చెయ్యిపట్టి నడిపించనక్కరలేదు.

తరువాత మిగిలేది యెదురుచూడటం. పిల్ల గాజు తలుపుల గదిలో, మేం బయట. పది రోజులు తెల్లకణాల లెక్క సున్నా దగ్గరే వుంది. అన్న కణాలు చెల్లెలిమీద తిరగబడకుండా ఇచ్చిన మందుల్లో ఒకదాని పేరు చీటీలో చూసి ఆగిపోయాను. మెథోట్రెక్సేట్. 1895లో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారి లేబొరేటరీనుంచి వచ్చిన మందుల కుటుంబం అది. విడిపోయి పెరిగే ప్రతి కణానికీ ఫోలిక్ ఆమ్లం కావాలి. అమెరికాలో లెడర్లే కంపెనీలో ఆయన బృందం 1945లో దాన్ని తయారుచేసింది. తరువాత దానిలాగే వుండి దాని పనికి అడ్డుపడే పదార్థాలను కూడా చేసింది. వాటిలో ఒకటైన అమినాప్టెరిన్‌ను రక్తపు కాన్సరు వచ్చిన 16 మంది పిల్లలకు బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ ఇస్తే పదిమంది కొంతకాలం కోలుకున్నారు. ఆ వార్త 1948లో అచ్చయింది. సుబ్బారావుగారు పోయింది కూడా ఆ యేడే. భీమవరం మా అక్కయ్య కాపరం చేసిన వూరికి ఆమడ దూరం. ఆ సంగతి చెబితే, "మనవాడు ముందే వచ్చి కూచున్నాడన్నమాట" అంది.

న్యూట్రోఫిల్లు అనే తెల్లకణాల లెక్క 500 దాటి మూడు రోజులు వరసగా నిలిస్తే కొత్త మూలుగ పట్టుకున్నట్టు లెక్క. పద్ధెనిమిదో రోజున 200. ఇరవయ్యో రోజున 540. అప్పటికి నేను మా వూరు వచ్చేశాను. ఇరవైరెండో రోజు తెల్లవారకముందే ఫోను మోగింది. గుండె గుభేలుమంది. అవతల అక్కయ్య గొంతు.

"ఒరే తమ్ముడూ, తోడుకుందిరా!"

ఇంకేమీ చెప్పలేకపోయింది. నేనూ అడగలేకపోయాను.

ఇది జరిగి యేడాది దాటింది. పిల్లవాడి రక్తం ఆరో వారానికే మామూలుకు వచ్చింది. వాడు పరీక్షలు కూడా రాశాడు. పిల్ల కాలేజీకి వెళుతోంది. మందులు ఒక్కొక్కటే తగ్గిస్తున్నారు. ఇంకా జాగ్రత్తలున్నాయి, నెలనెలా పరీక్షలున్నాయి. చిన్నప్పటి టీకాలన్నీ మళ్ళీ మొదటినుంచి వేయించుకుంటోంది. ఆమెది ఓ గ్రూపు రక్తం, అన్నది బి. ఇప్పుడు ఆమె నరాల్లో పారుతున్నది బి. యీ మాట విన్నప్పటినుంచీ పిల్లవాడు యే చిన్న తగాదా వచ్చినా "నా రక్తం నాకిచ్చెయ్యవే" అంటున్నాడట.

యీ కథ ఇంత బాగా నడవని ఇళ్ళు కూడా వున్నాయని నాకు తెలుసు. తోడబుట్టినవారి గుర్తులు కలవనివారికి మందులతో వైద్యం వుంది. సగం గుర్తులు కలిసిన తల్లీ తండ్రుల మూలుగతో చేసే పద్ధతులు వచ్చాయి. ముక్కూమొహం తెలియనివారి గుర్తులు కలిస్తే ఇచ్చేందుకు దాతల పట్టికలు మన దేశంలోనూ వున్నాయి. చెంపలోపల దూదితో తుడిచి ఇస్తే చాలు, పేరు రాసుకుంటారు. చాలామంది దాతలకు ఎముకలో సూది కూడా దించరు. నాలుగైదు రోజులు ఇంజక్షన్లిచ్చి తల్లికణాలను గూళ్ళలోంచి నెత్తుట్లోకి రప్పించి, చేతినుంచి తీసుకుంటారు. మీ ఇంట్లో పడుచుపిల్లలు పేరిచ్చి వస్తామంటే, పెద్దవాళ్ళు మా అక్కయ్య అడిగిన ప్రశ్నే అడగండి. జవాబు విన్న తరువాత మాత్రం అడ్డం కూచోకండి.

మొన్న సంక్రాంతికి అక్కయ్య ఇంటికి వెళ్ళాను. తిరుగు ప్రయాణంలో అరిసెల డబ్బాతోపాటు మూత బిగించిన చిన్న స్టీలు గిన్నె ఒకటి చేతిలో పెట్టింది. యేమిటన్నాను.

"పెరుగురా. మీ ఆవిడ మొన్న మీ తోడు పులిసిపోతోందని చెప్పింది. బండిలో తినెయ్యకు. ఇంటికి పట్టుకెళ్ళి రాత్రికి పాలలో వెయ్యి" అంది.